కట్టిన ఇంటికి కొనే సంస్థ కావాలి: ఇంగ్లండ్‌లో బిల్డర్లు, హౌసింగ్ అసోసియేషన్ల జత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంగ్లండ్‌లో ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో పనిచేస్తాను. బిల్డర్లు కట్టే ఇళ్ళలో మేం కొనదగ్గవి చూడటం, బేరం కుదర్చడం, తాళాలు చేతికొచ్చేదాకా వెంట ఉండటం నా పని. ఇక్కడి తెలుగువాళ్ళు, ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులు, ఈమధ్య చిన్న చిన్న సైట్లు తీసుకుని ఇళ్ళు కట్టడం మొదలుపెట్టిన స్నేహితులు నన్ను అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. అవి అంత తేలిగ్గా తేలే సంగతులు కావు.

ఇళ్ళ కరువున్న దేశంలో కట్టిన ఇళ్ళకు కొనేవాళ్ళు లేకపోవడం ఏమిటి?

ఇది మామూలు అమ్మకం ఇళ్ళ సంగతి కాదు. ఇంగ్లండ్‌లో బిల్డర్ ఒక పెద్ద సైటు వేస్తే, అందులో కొంత వాటా తక్కువ అద్దెకో తక్కువ ధరకో ఇచ్చే ఇళ్ళుగా కట్టాలని కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ, షరతు పెడుతుంది. వీటినే అఫర్డబుల్ ఇళ్ళంటారు. బిల్డర్ వీటిని ఎవరికి పడితే వాళ్ళకు అమ్మడానికి లేదు. మామూలుగా, సోషల్ హౌసింగ్ రెగ్యులేటర్ దగ్గర నమోదైన సంస్థకే ఇవ్వాలి. అంటే ఏదో ఒక హౌసింగ్ అసోసియేషన్‌కి, లేదా కౌన్సిల్‌కే.

చాలా ఏళ్ళు ఇది సాఫీగా నడిచింది. ఒక్కో సైటుకు మూడు నాలుగు అసోసియేషన్లు పోటీపడి ధర చెప్పేవి. ఆ పోటీ ఇప్పుడు లేదు. 2024 చివర్లో హోమ్ బిల్డర్స్ ఫెడరేషన్ బిల్డర్లను అడిగి లెక్క తీస్తే, ప్లానింగ్ పర్మిషన్ వచ్చినా కొనే సంస్థ దొరకని ఇలాంటి ఇళ్ళు 17,000 పైనే తేలాయి. అదే కాలంలో కౌన్సిళ్ళ వెయిటింగ్ లిస్టుల్లో సుమారు 13 లక్షల కుటుంబాలున్నాయి. లక్షకు పైగా కుటుంబాలు హాస్టళ్ళలో, హోటల్ గదుల్లో, కౌన్సిల్ రోజుకింతని డబ్బు కట్టే తాత్కాలిక వసతిలో ఉన్నాయి.

దీనికి ఇంకో ముడి ఉంది. ‘అఫర్డబుల్ ఇళ్ళు అసోసియేషన్‌కి అప్పగించేదాకా మామూలు ఇళ్ళలో సగానికి మించి జనాన్ని దింపకూడదు’ లాంటి షరతు బిల్డర్ కౌన్సిల్‌తో రాసుకునే ఒప్పందాల్లో తరచూ ఉంటుంది. కాబట్టి వంద ఇళ్ళ సైటులో ఇరవై అఫర్డబుల్ అనుకుంటే, ఆ ఇరవై ఇళ్ళకు కొనే సంస్థ దొరక్కపోతే మిగతా ఎనభై ఇళ్ళ పని కూడా ఆగుతుంది.

హౌసింగ్ అసోసియేషన్ అంటే మన హౌసింగ్ సొసైటీ లాంటిదా?

కాదు. మన దగ్గర ఉద్యోగులో జర్నలిస్టులో సొసైటీ పెట్టుకుని, స్థలం కొని, ప్లాట్లు పంచుకుంటారు. ఇక్కడి అసోసియేషన్ ఇళ్ళను ఎవరికీ పంచిపెట్టదు. తనే యజమానిగా ఉండి, తక్కువ అద్దెకిచ్చి, మరమ్మతులు చూసుకుంటూ తరాల తరబడి నడుపుతుంది. చాలావాటికి లాభాపేక్ష ఉండదు. మిగిలిన డబ్బు మళ్ళీ ఇళ్ళకే పోతుంది.

ఈ సంప్రదాయం పాతది. అమెరికా వ్యాపారి జార్జ్ పీబాడీ లండన్ పేదల ఇళ్ళ కోసం ఇచ్చిన డబ్బుతో 1862లో మొదలైన ట్రస్టు ఇప్పటికీ నడుస్తోంది. 1974 హౌసింగ్ చట్టంతో వీటికి ప్రభుత్వ గ్రాంట్లు పెద్ద ఎత్తున వచ్చాయి. 1988 చట్టం తర్వాత బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి కట్టడం మామూలైంది. ఈ అప్పు సంగతి గుర్తుంచుకోండి, కిందికి వెళ్ళేకొద్దీ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లక్షకు పైగా ఇళ్ళున్న అసోసియేషన్లున్నాయి, ఒకే ఊళ్ళో పది పన్నెండు ఇళ్ళతో సరిపెట్టుకునేవీ ఉన్నాయి.

సెక్షన్ 106 అని అందరూ అంటుంటారు. ఏమిటది?

1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలో 106వ సెక్షన్. ప్లానింగ్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు కౌన్సిల్, స్థలం యజమాని, బిల్డర్ కలిసి రాసుకునే ఒప్పందం ఈ సెక్షన్ కిందికి వస్తుంది. మన ఆఫీసుల్లో జీవో నంబరే పేరైపోయినట్టు, ఇక్కడ ‘106 ఇళ్ళు’ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

దీని వెనకున్న న్యాయం తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. నాలా కన్వర్షన్ అయిన పొలం ధర రాత్రికి రాత్రి ఎలా ఎగురుతుందో మనం చూసినవాళ్ళమే. ఇక్కడా అంతే. గోధుమ పండే పొలానికి ఇళ్ళ పర్మిషన్ వస్తే దాని విలువ ఎన్నో రెట్లవుతుంది. ఆ పెరుగుదల యజమాని చెమటతో వచ్చింది కాదు, ఊరి నిర్ణయంతో వచ్చింది. అందుకే అందులో కొంత ఊరికి ఇళ్ళ రూపంలో తిరిగి రావాలంటారు. పది ఇళ్ళు, అంతకు మించిన సైట్లకు మామూలుగా ఇది వర్తిస్తుంది. వాటా ఎంతన్నది ఆయా కౌన్సిల్ ప్లాను మీద ఆధారపడుతుంది. ఈ మధ్య ఏళ్ళలో ఇంగ్లండ్‌లో వచ్చిన అఫర్డబుల్ ఇళ్ళలో దాదాపు సగం ఈ దారిలోనే వచ్చాయి. అందుకే ఈ దారి మూసుకుపోతుంటే నాకు భయమేస్తుంది.

‘అఫర్డబుల్’ అంటే అద్దె ఎంత?

ఈ పేరు కింద ముఖ్యంగా మూడు రకాలున్నాయి. సోషల్ రెంట్ అన్నిటికంటే తక్కువ, ప్రభుత్వ సూత్రం ప్రకారం లెక్కగడతారు, చాలాచోట్ల మార్కెట్ అద్దెలో సగం దరిదాపుల్లో ఉంటుంది. 2011లో వచ్చిన అఫర్డబుల్ రెంట్ మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా పోవచ్చు. లండన్‌లో 80 శాతమంటే అఫర్డబుల్ అనే మాటకు అర్థమే ఉండదు. మూడోది షేర్డ్ ఓనర్‌షిప్: ఇంట్లో కొంత వాటా కొనుక్కుని, మిగతా వాటాకు అద్దె కడతారు.

మరి అసోసియేషన్లు ఎందుకు కొనడం లేదు? పేదల ఇళ్ళ కోసమే కదా అవి ఉన్నది?

ఈ ప్రశ్న నన్ను మా అమ్మ కూడా అడిగింది. కారణం ఒక్కటి కాదు.

మొదటిది, రాబడి తగ్గింది. 2016 నుంచి నాలుగేళ్ళపాటు సోషల్ అద్దెలు ఏటా 1 శాతం తగ్గించాలని ప్రభుత్వం ఆదేశించింది. తర్వాత ధరలు విపరీతంగా పెరిగిన 2023లో అద్దె పెంపును 7 శాతానికి కట్టేసింది. అద్దెకుండేవాళ్ళకు అది అవసరమే, నేను కాదనను. కానీ కూలీ, సామాను ఖర్చు అంతకంటే ఎక్కువ పెరిగింది. ఆ తేడా ఎవరూ పూడ్చలేదు.

రెండోది, ఉన్న ఇళ్ళే డబ్బంతా తాగేస్తున్నాయి. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఆ తర్వాత దేశమంతటా ఎత్తైన భవనాల మీది మండే తొడుగులు పీకి మార్చాల్సి వచ్చింది. 2020లో రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉంటూ అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లవాడు ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. వాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమలవుతోంది. ప్రాణానికి ప్రమాదమైన లోపాన్ని 24 గంటల్లో సరిచేయాలి, ప్రమాదకరమైన తేమ, బూజు గురించి ఫిర్యాదు వస్తే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. రావలసిన చట్టమే, ఎప్పుడో రావలసింది. దాన్ని పాటించాలంటే మనుషులు కావాలి, డబ్బు కావాలి. అదే డబ్బుతో కొత్త ఇళ్ళు కొనాలి.

మూడోది వడ్డీ. 2021 చివరిదాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 0.1 శాతం. 2023 ఆగస్టుకల్లా 5.25 శాతం. కొత్త ఇల్లు కొనడమంటే కొత్త అప్పు తేవడమే కనుక ఈ దెబ్బ నేరుగా తగిలింది.

నాలుగోది, మామూలుగా 106 ఇళ్ళకు ప్రభుత్వ గ్రాంటు ఉండదు. ఆ రాయితీ భూమి ధరలోంచి రావాలన్నది సిద్ధాంతం. అదే అసోసియేషన్ తన స్థలంలో తనే కట్టుకుంటే గ్రాంటు వస్తుంది. చేతిలో ఉన్న కొంచెం డబ్బు ఎటు పెడతారో మీరే చెప్పండి.

ఇక అయిదోది, ఇంటి తీరు. దీని గురించి విడిగా చెప్పాలి.

ఇంటి తీరులో ఏముంటుంది? కొత్త ఇళ్ళే కదా?

ఒక సైటు సంగతి చెబుతాను. మిడ్‌లాండ్స్‌లో ఒక ఊరి చివర, పొలం తీసి వేసిన కాలనీ. దాదాపు అరవై ఇళ్ళు. అందులో మా కోసమన్నవి ఆరు ఫ్లాట్లు, అన్నీ ఒకే బ్లాకులో, సైటు వెనకాల కరెంటు సబ్‌స్టేషన్ పక్కన. గోడలు లేచి పెయింట్లు కూడా అయ్యాక బిల్డర్ మమ్మల్ని పిలిచాడు. పేరు అనవసరం, ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

లోపలికి వెళ్ళి టేపు పెట్టి కొలిచాం. రెండు బెడ్‌రూములని రాశారు, రెండో గదిలో ఒక్క మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. బాత్రూముకి కిటికీ లేదు, ఫ్యాను గొట్టం పొడుగ్గా రెండు మలుపులు తిరిగి బయటికి పోతోంది. ఏడాది తిరిగేసరికి ఆ పైకప్పు నల్లబడుతుందని మా మరమ్మతుల ఇన్‌చార్జి చూడగానే చెప్పేశాడు. చెత్తడబ్బాల గది రోడ్డుకి ఎంత దూరమంటే, వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి అక్కడిదాకా డబ్బా లాగలేరు. పైగా కాలనీలో పార్కు, రోడ్లు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ ఏటా ఎంత వసూలు చేయాలో తనే తేల్చుకుంటుంది. ఆ ఖర్చు మా అద్దెదారుల మీద పడుతుంది, దాన్ని ఆపే హక్కు మాకు లేదు.

మేం కొనలేదు. ఆ ఆరు ఫ్లాట్లు చాలాకాలం అలా ఉండిపోయాయి. పక్క టౌనులో అదే చలికాలం ఒక తల్లి ఇద్దరు పిల్లలతో హోటల్ గదిలో ఉంది, పొయ్యి లేదు, కెటిల్‌లో నీళ్ళు కాచి నూడుల్స్ చేసేది. తర్వాత ఆమెకు మా దగ్గర వేరే ఇల్లు దొరికింది. తాళాలిచ్చిన రోజు ఆమె అడిగిన మొదటి మాట, ‘ఈ అడ్రసు స్కూల్లో ఇవ్వొచ్చా, మళ్ళీ మార్చాల్సి వస్తుందా?’ అని. ఆ ఏడాదిలో పెద్దవాడికి అది మూడో స్కూలు.

ఆ ఆరు ఫ్లాట్లు బాగానే ఉంటే కొనేవాళ్ళా?

ఆరే అయితే అప్పటికీ ఆలోచించేవాళ్ళం. ఆ ఊళ్ళో మాకు వేరే ఇళ్ళు లేవు. ఒక పైపు కారితే ప్లంబరు నలభై నిమిషాలు ప్రయాణం చేసి రావాలి. ఒకే వీధిలో అరవై ఇళ్ళు చూసుకోవడానికీ, పదిచోట్ల ఆరేసి చూసుకోవడానికీ ఖర్చులో చాలా తేడా. పెద్ద అసోసియేషన్లు చాలావరకు చిన్న లాట్లవైపు చూడటం మానేశాయి. అలాంటి ఇళ్ళకు ఆ ప్రాంతంలోనే వేళ్ళున్న చిన్న అసోసియేషన్ సరైన జత. చిక్కల్లా ఏమిటంటే బిల్డర్‌కి దాని పేరు తెలియదు, దానికి బిల్డర్ సైటు తెలియదు.

ఆ జత కుదర్చడానికి ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. ప్రభుత్వ గృహ సంస్థ హోమ్స్ ఇంగ్లండ్ 2024 డిసెంబరులో సెక్షన్ 106 ఇళ్ళ కోసం ఒక క్లియరింగ్ సర్వీసు మొదలుపెట్టింది. కొనే సంస్థ దొరకని ఇళ్ళున్న బిల్డర్లు ఆ వివరాలు నమోదు చేస్తారు: ఏ ఊరు, ఎన్ని ఇళ్ళు, ఏ రకం, ఎప్పటికి పూర్తవుతాయి. అసోసియేషన్లు, ఇళ్ళు కొనాలనుకునే కౌన్సిళ్ళు తమకు ఏ ప్రాంతంలో ఎలాంటివి కావాలో చెబుతాయి. ఒకరి వివరాలు ఒకరికి అందుతాయి. ఆ పైన ఫోన్ చేసుకోవడం, సైటు చూడటం, బేరమాడటం అన్నీ వాళ్ళవాళ్ళ పని.

ఆ సర్వీసు ధర నిర్ణయిస్తుందా? కొనమని బలవంతం చేస్తుందా?

రెండూ లేవు.

మరి దానివల్ల ఉపయోగం ఏమిటి?

ఎదుటివాడెవరో తెలియక ఆగిన బేరాలకు ఉపయోగం. చిన్న లాట్లకు ముఖ్యంగా. కానీ నా అనుభవంలో ఆగిన బేరాల్లో ఎక్కువ భాగం పరిచయం లేక ఆగినవి కావు. ధర దగ్గరో, ఇంటి తీరు దగ్గరో, ఒప్పందంలో ఒక్క పేరా దగ్గరో ఆగినవి. ఇల్లు గీసిన రోజున ఆ ఇంటికి యాభై ఏళ్ళు యజమానిగా ఉండబోయే సంస్థ ఆ గదిలో లేకపోవడమే అసలు లోపం. పెళ్ళిచూపులు ముహూర్తం రోజున పెట్టుకున్నట్టుంది మన పద్ధతి. అన్నీ అయిపోయాక ‘మీకు నచ్చిందా’ అని అడిగితే, నచ్చకపోయినా మార్చడానికి ఏం మిగిలుంటుంది?

నేను చిన్న బిల్డర్‌ని. 24 ఇళ్ళ సైటు తీసుకున్నాను. ఏ దశలో అసోసియేషన్‌ని కలవాలి?

స్థలానికి అడ్వాన్సు ఇచ్చే ముందే ఒక్క ఫోన్ చేయండి అన్నా. నిజంగా చెబుతున్నాను, ఆ ఫోన్‌కి డబ్బు ఖర్చు కాదు. కౌన్సిల్‌లో హౌసింగ్ ఎనేబ్లింగ్ ఆఫీసర్ అని ఒకరుంటారు. ఆ ప్రాంతంలో ఏ అసోసియేషన్లు కొంటున్నాయో, ఏ సైజు ఇళ్ళకు వెయిటింగ్ లిస్టులో ఒత్తిడి ఎక్కువో ఆయనకో ఆమెకో తెలుస్తుంది.

ప్లాను గీసేటప్పుడు ఇంటి సైజు చూసుకోండి. జాతీయ స్పేస్ స్టాండర్డ్ ప్రకారం ఒక బెడ్‌రూము, ఇద్దరు మనుషుల ఇల్లు 50 చదరపు మీటర్లు, అంటే సుమారు 538 చదరపు అడుగులు. రెండు బెడ్‌రూములు, నలుగురు మనుషులకైతే ఒకే అంతస్తులో 70 చదరపు మీటర్లు, సుమారు 753 అడుగులు. ప్రతి కౌన్సిల్ దీన్ని తప్పనిసరి చేయలేదు, కానీ అసోసియేషన్లు చాలావరకు ఈ కొలతనే చూస్తాయి. మూడు అడుగులు కలిసొస్తాయని గది కుదిస్తే మొత్తం బేరమే పోవచ్చు.

అఫర్డబుల్ ఇళ్ళను వెనకాలకు నెట్టకండి. మూడేసి నాలుగేసి ఇళ్ళ గుంపులుగా సైటంతా కలపండి, బయటినుంచి చూస్తే ఏది ఎవరిదో తెలియకూడదు. అదే ఇటుక, అదే తలుపు. పిల్లలు ఒకే వీధిలో ఆడుకుంటారు, ఏ ఇంటివాడు ఏ లెక్కలో వచ్చాడో వాళ్ళకు తెలియాల్సిన పని లేదు.

ఒప్పందం రాసే లాయర్‌కి ఒక మాట చెప్పండి: తాకట్టు పట్టుకున్న బ్యాంకు గురించిన క్లాజు సరిగ్గా ఉండాలి. అసోసియేషన్ అప్పు కట్టలేకపోతే బ్యాంకు ఆ ఇళ్ళను షరతుల్లేకుండా అమ్ముకునే వీలు అందులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి బ్యాంకు ఆ ఇళ్ళకు కట్టే విలువ మారుతుంది. అది లేకపోతే అదే ఇంటి మీద అప్పు తక్కువ పుడుతుంది, కాబట్టి మీకొచ్చే ధర కూడా తగ్గుతుంది. అప్పటికే సంతకాలైపోతే దాన్ని మార్చడానికి నెలలు పడుతుంది.

మీకు లాభించే సంగతి కూడా ఒకటుంది. ముందే ఒప్పందం కుదిరితే అసోసియేషన్ దశలవారీగా డబ్బు కడుతుంది. పునాది దాటి నేల పైకి ఇటుక వరస లేచాక స్థలం బదిలీ చేస్తే ఆ అమ్మకానికి వ్యాట్ సున్నా రేటు వర్తిస్తుంది. ఈ వ్యాపారంలో దాన్నే గోల్డెన్ బ్రిక్ అంటారు. అక్కణ్ణుంచి కట్టుబడి ఖర్చుకి డబ్బు వస్తూ ఉంటుంది. మామూలు ఇళ్ళు ఒక్కొక్కటీ అమ్ముడయ్యేదాకా ఎదురుచూసే చిన్న బిల్డర్‌కి ఆ డబ్బు ఎంత ఊపిరో మీకే తెలుసు.

అసోసియేషన్ చెప్పే ధర మార్కెట్‌లో సగం కూడా ఉండటం లేదు. మోసం కాదా?

మోసం కాదు. లెక్క చూడండి. అర్థం కావడానికి గుండ్రటి అంకెలు వేస్తున్నాను, ఏ ఇంటివీ కావు. ఏడాదికి అద్దె 7,000 పౌండ్లు. మరమ్మతులు, నిర్వహణ, ఖాళీగా ఉన్న వారాలు, ముందుముందు మార్చాల్సిన వంటగది, పైకప్పు కోసం పక్కన పెట్టేది కలిపి 2,500. మిగిలేది 4,500. అప్పు మీద వడ్డీ 3 శాతమైతే ఆ 4,500తో లక్షా యాభై వేల పౌండ్ల అప్పు మోయొచ్చు. వడ్డీ 5 శాతమైతే తొంభై వేలే. ఇల్లు అదే, అద్దె అదే, అసోసియేషన్ మనసూ మారలేదు. అసలు లెక్క ముప్ఫై నలభై ఏళ్ళ మీద, అద్దె పెరుగుదల కూడా కలిపి వేస్తారు, అంకెలు ఇంత మొరటుగా ఉండవు. కానీ మారే దిశ ఇదే.

అందుకే స్థలం కొనేటప్పుడే ఈ ఇళ్ళకు ఎంత వస్తుందో సరిగ్గా వేసుకోవాలి. 2021 నాటి ధరలు నమ్ముకుని రైతుకు ఎక్కువ ఇచ్చేసినవాళ్ళే ఇప్పుడు ఇరుక్కున్నారు.

ఎంత వెతికినా ఎవరూ రాకపోతే?

మంచి ఒప్పందాల్లో దీనికి మెట్లు రాసి ఉంటాయి. ఇన్ని నెలలు ఫలానా సంస్థలను అడగాలి, అప్పటికీ దొరక్కపోతే ఇళ్ళ రకం మార్చవచ్చు, ఉదాహరణకు కొన్ని అద్దె ఇళ్ళను షేర్డ్ ఓనర్‌షిప్‌గా. అదీ కుదరకపోతే కౌన్సిలే కొనొచ్చు. ఆఖరి మెట్టు, ఇళ్ళ బదులు కౌన్సిల్‌కి డబ్బు కట్టి, ఆ ఇళ్ళను మామూలుగా అమ్ముకోవడం. ఒప్పందంలో ఈ మెట్లు లేకపోతే రెండు పక్షాలూ కూర్చుని సవరణ పత్రం రాసుకోవాలి.

డబ్బు దారి అంటే నాకు ఇష్టం లేదు. డబ్బు కౌన్సిల్ ఖాతాలోకి వెళ్తుంది, స్థలం దొరికేదాకా అక్కడే ఉంటుంది, ఈలోగా కట్టుబడి ఖర్చు పెరుగుతుంది. ఆ ఊళ్ళో ఆ ఇళ్ళు మళ్ళీ రావు. కానీ పూర్తయిన ఇంటికి ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచడం అంతకంటే తప్పు. అందుకే అడగాల్సిన వాళ్ళందరినీ నిజంగా అడిగారా లేదా అని కౌన్సిల్ గట్టిగా చూడాలి. రెండు ఈమెయిళ్ళు పంపి ‘ఎవరూ రాలేదు’ అనే బిల్డర్లను నేను చూశాను. వచ్చిన ఈమెయిల్‌కి ఆరు వారాలు జవాబివ్వని అసోసియేషన్లనూ చూశాను.

లాభం కోసం నడిచే సంస్థలు కూడా కొంటున్నాయట?

అవును. 2008 చట్టం దానికి దారి తెరిచింది. లీగల్ అండ్ జనరల్ లాంటి పెన్షన్, బీమా డబ్బున్న కంపెనీలు, అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ డబ్బుతో పెరిగిన సేజ్ హోమ్స్ ఇలా వచ్చినవే. వాటికీ అవే అద్దె నియమాలు, అదే రెగ్యులేటర్. ఇళ్ళు వేగంగా కొన్నాయన్నది నిజం. పదిహేను ఇరవై ఏళ్ళ తర్వాత పెట్టుబడి వెనక్కి తీసుకోవాలనుకుంటే అద్దెదారుల గతేమిటన్నది నా ఆందోళన. దానికి ఇప్పటిదాకా నాకు తృప్తినిచ్చే జవాబు దొరకలేదు.

ఇక్కడున్న తెలుగువాళ్ళకు ఈ ఇళ్ళు దొరుకుతాయా?

వీసాని బట్టి. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వీసాల మీద ‘పబ్లిక్ ఫండ్స్ లేవు’ అన్న షరతు ఉంటుంది. కౌన్సిల్ ద్వారా వచ్చే అద్దె ఇల్లు అందులోకే వస్తుంది కనుక దరఖాస్తు చేయకండి, వీసాకే ముప్పు. శాశ్వత నివాసం వచ్చాక, పౌరసత్వం వచ్చాక సాధారణంగా అర్హత ఉంటుంది. అయితే లిస్టులో ముందు వెనకలు అవసరాన్ని బట్టి ఉంటాయి.

నర్సులకు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన జంటలకు నేను చెప్పేది షేర్డ్ ఓనర్‌షిప్ చూడమని. కుటుంబ ఆదాయం ఏడాదికి 80,000 పౌండ్లు, లండన్‌లో అయితే 90,000 దాటకూడదు. కొత్త పద్ధతి ఇళ్ళలో 10 శాతం వాటాతో కూడా మొదలుపెట్టొచ్చు. వీసా మీద ఉంటే ఎంత డిపాజిట్ అడుగుతారు, అసలు లోన్ ఇస్తారా అన్నది బ్యాంకుని బట్టి మారుతుంది. సంతకం పెట్టే ముందు సర్వీస్ ఛార్జి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. వాటా 40 శాతమే కొన్నా సర్వీస్ ఛార్జి నూటికి నూరూ మీరే కట్టాలి. చాలామందికి ఇది తాళాలు చేతికొచ్చాక తెలుస్తోంది.

స్కాట్లాండ్, వేల్స్‌లో కూడా ఇంతేనా?

వేరే. స్కాట్లాండ్‌లో ఇలాంటి ఒప్పందాలు తమ చట్టంలోని 75వ సెక్షన్ కింద జరుగుతాయి, హోమ్స్ ఇంగ్లండ్‌కి అక్కడ పని లేదు. వేల్స్‌లో నిధులు, నియమాలు వాళ్ళ ప్రభుత్వానివే.

మన దగ్గర ఇలాంటిది లేదా?

ఈ రూపంలో లేదు. మన రాష్ట్రాల్లో ప్రభుత్వమే కట్టించి, అద్దెకు కాకుండా సొంతానికి ఇస్తుంది. ఆంధ్రలో టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులు, తెలంగాణలో డబుల్ బెడ్‌రూము ఇల్లు 560. కానీ ఒక బాధ మాత్రం రెండు చోట్లా ఒకటే. టిడ్కో బ్లాకులు చాలాచోట్ల గోడలు, స్లాబులు అయ్యాక కూడా నీళ్ళు, డ్రైనేజీ, రోడ్లు రాక ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి, డబ్బు కట్టినవాళ్ళు అద్దె ఇళ్ళలోనే ఉండిపోయారు. ఎవరు కట్టాలో తేల్చుకున్నంత శ్రద్ధగా, కట్టాక ఎవరు చూసుకోవాలో ఎక్కడా తేల్చుకోవడం లేదు.

పరిస్థితి ఏమైనా మారుతోందా?

కొంత. 2025 జూన్‌లో ప్రభుత్వం సోషల్, అఫర్డబుల్ ఇళ్ళ కోసం పదేళ్ళకు 3,900 కోట్ల పౌండ్లు ప్రకటించింది. 2026 ఏప్రిల్ నుంచి పదేళ్ళపాటు అద్దెలు ద్రవ్యోల్బణం పైన 1 శాతం దాకా పెంచుకోవచ్చని కూడా చెప్పింది. అద్దెదారులకు అది భారమే. కానీ పదేళ్ళ రాబడి ముందుగా తెలిస్తే అసోసియేషన్లు అప్పు తేవడానికి ధైర్యం చేస్తాయి. ఆ ధైర్యం ముందు సొంత స్థలాల్లో కట్టే ఇళ్ళలో కనిపిస్తుంది, 106 ఇళ్ళ దాకా రావడానికి టైము పడుతుంది.

మా వీధి చివర కొత్త కాలనీలో ఇళ్ళు పూర్తయి ఖాళీగా ఉన్నాయి. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్లానింగ్ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. ఆ సైటు అడ్రసు కొట్టి వెతికితే సెక్షన్ 106 ఒప్పందం కాపీ దొరకాలి. అఫర్డబుల్ ఇళ్ళు ఎన్ని, ఏ రకం, ఎప్పటికి అప్పగించాలి అన్నవి అందులో ఉంటాయి. వాటిని కాగితం మీద రాసుకుని మీ కౌన్సిలర్‌కి ఈమెయిల్ పెట్టండి: ఈ ఇళ్ళు ఏ సంస్థ తీసుకుంటోంది, ఎవరూ తీసుకోకపోతే బిల్డర్ క్లియరింగ్ సర్వీసులో నమోదు చేశాడా, చిన్న అసోసియేషన్లను అడిగారా అని. ఈ ఒప్పందాల కింద డబ్బు వసూలు చేసే కౌన్సిల్ ఎంత వచ్చింది, ఎంత ఖర్చు పెట్టిందో ఏటా డిసెంబరు 31లోగా ప్రకటించాలి. ఆ పత్రం కూడా చూడండి. ఇళ్ళ బదులు తీసుకున్న డబ్బు ఎన్నేళ్ళుగా ఖర్చు కాకుండా ఉందో అడగండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే మళ్ళీ రాయండి.